కరవని జోడు

షట్టరు సగమే లేపి, ఆ సందులోంచి వంగి లోపలికి దూరాడు సారంగపాణి. పూర్తిగా లేపితే గిరాకీ వచ్చి నెత్తిన నిలబడుతుంది. అంతలోపు అరల్లో ఉన్న జోళ్ళన్నీ తుడవాలి, ముక్కులు రోడ్డు వైపు తిప్పాలి. మడమ చూపించే జోడు వచ్చినవాణ్ణి వెనక్కి పంపుతుందని అతని నమ్మకం. హనుమకొండ చౌరస్తాలో ఈ చెప్పుల షాపు తెరిచిన నాటి నుంచీ ఆ నమ్మకంతోనే బట్ట పట్టుకుని అరల ముందు నిలబడుతున్నాడు. చెక్క అరలు పోయి అద్దాలవి వచ్చాయి. పీటలు పోయి సోఫా వచ్చింది. షాపు యజమాని, పెద్దసారు కిషన్ రావు మంచం పట్టాడు, ఆయన కొడుకు మధు గల్లా మీదికి వచ్చాడు. సారంగపాణి మాత్రం ఉన్నచోటే ఉన్నాడు.

మనిషి పొడుగ్గా, సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. బతుకంతా పరాయి పాదాల ముందు గొంతుక్కూర్చున్నవాడి వీపు ఇంకెలా ఉంటుంది? కాళ్ళకు నీలం పట్టీల హవాయి చెప్పులు. ఎడమదాని పట్టీ ఊడకుండా అడుగున పిన్నీసు. చెప్పుల షాపులో ఉండి నీకీ గతేమిటయ్యా అని గిరాకీలు నవ్వితే, "మిఠాయి దుకాణపోడు మిఠాయి తింటడా సార్?" అని తనూ నవ్వేవాడు.

నిజం చెప్పాలంటే, అతను తొడిగినన్ని కొత్త బూట్లు ఈ ఊళ్ళో ఇంకెవరూ తొడిగి ఉండరు. పెద్దసారుకు తోలు బూట్లంటే ప్రాణం. ఆయన పాదమేమో వెన్నముద్ద. కొత్త జోడు తొడిగి వీధి మలుపు తిరగకముందే మడమ కరిచేది. సారంగపాణి కొలువులో చేరిన కొత్తలో ఒకరోజు ఆయన అతని పాదం పక్కన తన పాదం ఆనించి చూసుకున్నాడు. గోరంత తేడా లేదు.

"సారంగం, జర నువ్వు తొడిగి తిరుగురా. మెత్తపడ్డంక నాకియ్యి" అన్నాడు.

అంతే, అదొక పనైపోయింది. కొత్త బూట్లు వచ్చినప్పుడల్లా మడమ దగ్గర కొబ్బరినూనె రాసి తొడిగేవాడు. అవి కరిచేవి. పొక్కు లేచేది, చితికేది. దాని మీద గుడ్డపేలిక చుట్టి మళ్ళీ తొడిగేవాడు. తోలు దారికొచ్చాక పాలిష్ పట్టి పెద్దసారుకు అప్పజెప్పి, తన హవాయి చెప్పుల్లోకి దిగేవాడు. అతని మడమల మీద ఇప్పుడు ఉన్నది చర్మం కాదు, నల్లటి చెక్క. దానికి అతనెప్పుడూ బాధపడలేదు. పెద్దసారు ఏ పెళ్ళికో హుందాగా నడిచిపోతుంటే, ఆ నడకలో తన వాటా ఉందని లోలోపల కాస్త పొగరు కూడా ఉండేది.

ఎండ గడప దాటి లోపలికి వచ్చే వేళకు మధు వచ్చాడు. చంకలో ఒక అట్టపెట్టె.

"కాకా, ఇటు రా. జర సోఫాల కూసో."

సారంగపాణి బట్ట పట్టుకుని అరల ముందే నిలబడిపోయాడు. ఆ సోఫా గిరాకీలది. పనివాళ్ళలో దాని మీద కూర్చున్నవాడు ఒక్కడే, క్యాషియర్ సుందర్ రావు. పోయిన క్రిస్మస్ ముందు మధు అతన్నీ ఇలాగే కూర్చోబెట్టి, కొత్త బూట్ల జోడు చేతిలో పెట్టి, చప్పట్లు కొట్టించాడు. కొత్త సంవత్సరం వచ్చేసరికి గల్లా దగ్గర సుందర్ రావు లేడు, కంప్యూటర్ ఉంది. ఇంటి దగ్గర రెస్టు తీసుకోండి అన్నారట. "బూట్లు మంచియే సారంగం, తొడుక్కొని యాడికి పోవాల్నో చెప్పలే" అన్నాడు సుందర్ రావు, ఆ తర్వాత చర్చి దగ్గర కలిసినప్పుడు. ఆ మాట సారంగపాణి కడుపులో ముల్లులా దిగబడిపోయింది.

మధు పెట్టె తెరిచాడు. బూడిదరంగు బూట్లు. తోలు కాదు, రెగ్జిన్ కాదు, పైనంతా సన్నటి నూగు.

"ఊలు కాకా ఇది. గొర్రె బొచ్చు. తోలు లేదు, ప్లాస్టిక్ లేదు. పాడైతే మట్టిల కలిసిపోతదట. తొడుగు చూద్దాం."

"ఎవరియి సార్ ఇవి?"

"ముందైతే తొడుగు."

"పెద్దసారుయా? మెత్తజెయ్యాల్నా?"

"మెత్తజేసుడేంది, మెత్తగనే ఉన్నయి కదా." మధు నవ్వును పెదాల వెనక దాచుకున్నాడు. దాచుకోవడం సారంగపాణి చూడనే చూశాడు. "ఇవి తొడుక్కొని మా ఇంటికి పో. నాయిన రమ్మంటాండు. నీతోని ఏదో మాట్లాడాలట."

"ఏం మాటనట?"

"పోతే నీకే తెలుస్తది. అన్నం యాలకు ముందే పో. తొడుక్కునే పోవాలె, చేతుల పట్టుకొని కాదు."

ఇంకేముంది! చేర్చుకున్న మనిషితోనే పొమ్మని చెప్పిస్తారన్నమాట. ఎర లేకుండా గాలం ఎవడేస్తాడు అనుకుంటూ బూటును అటూ ఇటూ తిప్పాడు. వాసన చూశాడు. లోపలి అట్ట వేలితో లేపి కిందికి తొంగి చూశాడు. మడమ దగ్గర బొటనవేలితో గట్టిగా నొక్కాడు. ఎక్కడా గట్టిదనం లేదు. తోలైతే ఎక్కడ కరుస్తుందో ముందే తెలిసిపోతుంది. దీని పళ్ళు ఎక్కడ దాచారో అంతుపట్టలేదు. తొడిగాడు. పాదం చల్లగా, ఎవరో అరచేతిలోకి తీసుకున్నట్టు లోపలికి జారింది. మధు అతని హవాయి చెప్పులను ఆ ఖాళీ పెట్టెలో పడేసి కౌంటరు కిందికి తోశాడు. అది చూసి సారంగపాణికి అనుమానం రూఢి అయిపోయింది. పాతవి దాచిపెట్టారంటే, ఇక ఈ గడప ఎక్కే పని లేదనేగా.

షాపు ముందు జామకాయల బండి మొగిలమ్మది. పరకాల దిక్కు గొర్రెల కాపరుల ఇంట పుట్టింది. కొత్త బూట్లలో వేళ్ళు ముడుచుకుని, కాలు ఎత్తెత్తి వేస్తున్న సారంగపాణిని చూసి నోరు వెళ్ళబెట్టింది.

"ఏందే సారంగన్నా, పెండ్లికొడుకు లెక్క తయారైనవ్!"

"ఊలు బూట్లట. సారిచ్చిండు."

ఆమె వంగి వేలితో ముట్టి చూసి, చప్పున చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఓ మల్లన్నా! మేము గొంగడి పరిచి దాని మీద దేవున్ని పెడ్తం. మీరు దాన్ని కాళ్ళకు తొడుగుతాన్రా? గీ ఎండల్ల? ఊకెనే ఎందుకిచ్చిండట?"

"అదే సమజైతలేదు."

"గొర్రె కసాయోన్నే నమ్ముతదంటరు. నువ్వు జర పైలం." అనేసి పకపకా నవ్వింది. ఒక జామకాయ చేతిలో పెట్టింది. ఆమెకది వేళాకోళం. సారంగపాణి మాత్రం ఆ మాటను జామకాయతో పాటు జేబులో వేసుకున్నాడు.

ఇల్లు సుబేదారిలో. ఆటో ఎక్కితే ఎంతసేపు? ఎక్కలేదు. నడిచాడు. అదీ కాళ్ళీడ్చుకుంటూ. ఒక్కో అడుగు వేసి, ఇదిగో ఇప్పుడు కరుస్తుంది అని ఆగి చూశాడు. కరవలేదు. అశోకా జంక్షన్ దాటాడు, కరవలేదు. పైన ఎండ మాడ్చేస్తోంది, లోపల పాదం చల్లగా ఉంది. ఇదేం మాయ? సుఖంగా ఉన్నకొద్దీ అతనికి గుబులు పెరిగింది. కరిచే చెప్పును నమ్మొచ్చు. అదేం చేస్తుందో తెలుసు, దానికేం చెయ్యాలో తెలుసు. అసలు కరవని బూట్లే వచ్చేస్తే, వాటిని మెత్తజేసే మనిషి ఎందుకు?

పెద్దసారును చూసి చాలా రోజులైంది. సుందర్ రావు కొలువు పోయినప్పటి నుంచి ఆ ఇంటి వైపు వెళ్ళలేదు. "నాయిన నిన్ను అడుగుతాండు కాకా" అని మధు అన్నప్పుడల్లా ఏదో ఒక సాకు చెప్పాడు. స్టాకు దిగుతోందని ఒకసారి, మోకాలు నొప్పని ఒకసారి. పెద్దసారుకు కాళ్ళు వాచిపోయి ఏ జోడూ ఎక్కడం లేదని విని మనసు చివుక్కుమన్నా, వెళ్ళలేదు. వెళితే, "ఇక చాలు సారంగం" అనే మాట ఆయన నోటి నుంచి వస్తుందేమోనని భయం. మధు అంటే సరే, పిల్లవాడు. పెద్దసారు అంటే తట్టుకోలేడు. తిండికి ఢోకా లేదు. కొత్తవాడలో సొంత గది ఉంది, భార్య సమ్మమ్మ బీడీలు చుడుతుంది. కానీ షాపు లేకపోతే పొద్దున లేచి ఏ ముక్కు ఎటు తిప్పాలో అతనికి తెలియదు.

పబ్లిక్ గార్డెన్ కనిపించేసరికి కాళ్ళు వాటంతటవే లోపలికి తిరిగాయి. చెట్టు నీడన బెంచీ మీద కూర్చున్నాడు. వాళ్ళు ఆ మాట చెప్పాలంటే తను ఎదురుగా ఉండాలి. తను వెళ్ళనంతసేపూ ఆ మాట పుట్టదు, కొలువు పోదు! ఎంత గొప్ప ఆలోచనో చూడండి. అనుమానం పెనుభూతం అని పెద్దలు ఊరికే అన్నారా? ఆ భూతం అతని పక్కనే బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

ఫోన్ మోగింది. మధు. ఎత్తలేదు. ఇంకా రాలేదేమని అరుస్తాడు, అంతేగా. మళ్ళీ మోగింది. ఫోన్ తీసి, గొంతు నొక్కి, జేబులో వేసుకున్నాడు.

అన్నం వేళ దాటిపోయింది. జామకాయ తిన్నాడు. నీడతో పాటు బెంచీలు మారాడు. కూర్చుని కూర్చుని నడుము పట్టేసి, లేచి తోటలో ఒక చుట్టు తిరిగాడు. ఇంకో చుట్టు తిరిగాడు. ఎప్పుడు విప్పుకున్నాయో ఏమో, ఎప్పుడూ ముడుచుకుని ఉండే కాలివేళ్ళు విప్పుకున్నాయి. వీపు కూడా కాస్త నిటారైంది. చిన్నపిల్లలు కొందరు అతన్ని దాటి పరుగెత్తారు. వాళ్ళ వెనక తనూ నాలుగడుగులు గబగబా వేశాడు, ఊరికే. ఏ నొప్పీ లేకుండా నడవడం ఇలా ఉంటుందా అని ఆశ్చర్యపోయాడు. వెంటనే తన మీద తనకే కోపం వచ్చింది. మేకకు కూడా కొయ్యబోయే ముందు మంచి మేతే వేస్తారు.

పొద్దు వాలింది. అనేదేదో అననీ అని చివరికి తెగించాడు. ఏళ్ళ తరబడి మడమలిచ్చినవాణ్ణి, మొహం మీదే పొమ్మంటే పోతాను. కానీ ఒక్క మాట అడిగే పోతాను అనుకుంటూ అదాలత్ మీదుగా సుబేదారి వైపు గబగబా నడిచాడు. అడగాల్సిన మాటను దారిపొడవునా నెమరేసుకున్నాడు.

వీధి మలుపు తిరగగానే ఆగిపోయాడు.

గేటు ముందు చెప్పులు. కుప్పలు కుప్పలుగా చెప్పులు. ఒక ఇంటి ముందు అన్ని చెప్పులు పడి ఉండేది రెండింటికే. పెళ్ళికి వచ్చినవాళ్ళు జోడు జోడుగా, పోకుండా ఓ మూలకు విడుస్తారు. ఇవి అలా లేవు. ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ, బోర్లాపడి, ఒకదాని మీద ఒకటి. విడవడానికి కూడా ఓపిక లేనివాళ్ళు విడిచిన చెప్పులు. చెప్పుల మనిషికి ఇంకెవరూ చెప్పనక్కరలేదు.

బూట్లు విప్పి గోడ పక్కన పడేసి, తడబడుతూ లోపలికి వెళ్ళాడు.

పెద్దసారును హాల్లో చాప మీద పడుకోబెట్టారు. తల దగ్గర దీపం. కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టారు. సారంగపాణి మొహం వైపు చూడలేకపోయాడు, తనకు తెలిసిన పాదాల దగ్గరే కూలబడ్డాడు. వాచిపోయి నున్నగా మెరుస్తున్నాయి. మడమలు మాత్రం పసిపిల్లవాడి మడమల్లా ఉన్నాయి. ఒక్క కాయ లేదు, ఒక్క గీత లేదు. ఆ మడమలు పట్టుకుని గుక్కపట్టి ఏడ్చాడు.

గోడకు ఆనుకుని కూర్చున్న సావిత్రమ్మ, పెద్దసారు భార్య, అతన్ని గుర్తుపట్టింది.

"ఇప్పుడొచ్చినవా సారంగం? పొద్దటి సంది నీ పేరే. వాడొచ్చిండా, వాడొచ్చిండా అని తలుపు దిక్కే చూసిండు. అన్నం కూడ ముట్టలే."

"నన్ను పొమ్మంటరనుకున్ననమ్మా" అన్నాడు సారంగపాణి. "కొలువుల నుంచి తీసేస్తరేమోనని... రాకపోతిని."

"నిన్నా? నిన్నెవరు తీసేస్తరు?" ఆమె కొంగుతో మూతి నొక్కుకుంది. "ఆ బూట్లు చెప్పి తెప్పించింది ఆయనే. 'నా బూట్లన్నీ వాన్నే కరిచినయి సావిత్రీ. పోయేలోపు వానికి కరవని జోడు ఒకటి తొడగాలె. తొడుక్కొని వాడు నా ముందట అటు ఇటు నడుస్తాంటె చూస్త' అన్నడు. వానికి ఎవ్వలు చెప్పొద్దు, నేనే చెప్త అని మధుతోని ఒట్టేయించుకున్నడు. పొద్దు వాలకముందే... తలుపు దిక్కు చూసుకుంటనే పోయిండు."

మధు వచ్చి పక్కన చతికిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఫోన్ ఎందుకెత్తలే కాకా?" అన్నాడు. కోపంగా అనలేదు. అరిచినా బాగుండేది.

సారంగపాణికి దారిపొడవునా నెమరేసుకున్న మాట ఒక్కటీ గుర్తుకు రాలేదు.

కాసేపటికి బంధువులెవరో రేపటికి కావలసిన వెదురు, కుండ గురించి మాట్లాడుకోవడం వినిపించింది. సారంగపాణి లేచాడు. "నేను తెస్త" అన్నాడు. ఎవరూ వద్దనలేదు.

గేటు దగ్గర ఆగాడు. పడేసిన చోటే ఉన్నాయి బూట్లు, ఒకటి బోర్లాపడి. వంగి రెండూ చేతిలోకి తీసుకున్నాడు. భుజం మీది కండువాతో తోట దుమ్మంతా తుడిచాడు, షాపులో తుడిచినట్టే. తొడుగుదామని కాలెత్తాడు. కాలు లోపలికి పోనంది. మళ్ళీ కింద పెట్టి, జోడు కలిపి, బతుకంతా రోడ్డు వైపు తిప్పిన చేతులతో ముక్కులు రెండూ ఇంటి వైపు తిప్పాడు. చెప్పుల కుప్ప మీదుగా దాటి, వట్టికాళ్ళతో రోడ్డెక్కాడు. తారు ఇంకా వేడిగానే ఉంది.

గోడ పక్కన, గేటు దీపం వెలుతురులో, బూడిదరంగు జోడు తెరిచిన తలుపు వైపు చూస్తూ ఉండిపోయింది, మడమల దగ్గర ఒక్క ముడతయినా పడకుండా.