మూల నుంచి మూలకు

నాకు అనుమానం ఎక్కువని మా ఆవిడ అంటుంది. ఆత్మకూరు డిప్లొమా కాలేజీలో పద్నాలుగేళ్లుగా డ్రాయింగ్ చెప్తున్నవాడికి అది లేకపోతే ఎట్లా? ఒకప్పుడు పిల్లలు ఒకరి షీటును కిటికీ అద్దానికి ఆనించి దించేసేవాళ్లు. ఇప్పుడు కంప్యూటర్లో గీసే క్యాడ్ వచ్చాక ఆ శ్రమ కూడా లేదు. పెన్‌డ్రైవ్‌లో ఫైలు వేసుకుని పేరు మార్చేస్తారు.

ఈసారి మొదటి సంవత్సరం వాళ్లకు, మీ ఊళ్లో ఏదైనా ఒక గదిని టేపుతో కొలిచి ప్లాను గీసుకురండని చెప్పాను. నలభై రెండు ఫైళ్లు వచ్చాయి. నలభై ఒకటి ముచ్చటగా ఉన్నాయి, ప్రతి మూలా తొంభై డిగ్రీలు. ఉదయగిరి పిల్ల కరుణశ్రీ ఒక్కతే తమ చర్చి హాలును వంకరగా గీసింది. ఒక గోడ మూడు డిగ్రీలు పక్కకు పోయింది. క్యాడ్‌లో ఆర్థో అనే మీట నొక్కితే గీత అడ్డంగానో నిలువుగానో తప్ప పడదు. మొదటి రోజే అది నేర్పాను. అయినా గోడ వంకర పోయిందంటే, ఎవరిదో పాత ప్లానును ఫోటో తీసి దాని మీద దించారన్నమాట. పైగా హాలు మధ్యలో మూల నుంచి మూలకు రెండు గీతలు, వాటికి కొలతలు. అవి నేను చెప్పినవి కావు. ఉదయగిరిలో యేసుబాబు అనే అతను ఇళ్ల ప్లాన్లు గీసిస్తాడని విన్నాను. ఇంకేం, దొంగ దొరికిందనుకున్నాను.

క్లాసులో అందరి ముందూ నిలబెట్టి ఎవరు గీసిచ్చారని అడిగాను. తనే గీశానంది. యేసుబాబు తెలుసా అంటే, తమ వీధిలోనే ఉంటాడంది. నాకు అది చాలు. సున్నా వేసి, సోమవారం ప్రిన్సిపాల్‌కు లెటర్ ఇస్తానన్నాను. లెటర్ వెళితే ఏడాది పోతుందని, ఏడాది పోతే వాళ్లింట్లో చదువు మాన్పిస్తారని పక్కనున్న అశ్విత బతిమాలింది. నేను వినలేదు.

సాక్ష్యం కోసం ఆదివారం టేపు తీసుకుని ఉదయగిరి వెళ్లాను. యేసుబాబు కొట్టు మూసి ఉంది. చర్చికి వెళితే ఆరాధన అప్పుడే అయిపోయింది. కరుణశ్రీ, వాళ్లమ్మ లిదియమ్మ హాలు ఊడుస్తున్నారు. కొలవాలని చెప్పాను. కరుణశ్రీ మారుమాట లేకుండా టేపు కొస పట్టుకుంది.

ఒక మూల నుంచి ఎదుటి మూలకు నలభై ఒక్క అడుగుల ఒక అంగుళం. రెండో వైపు నలభై అడుగుల ఒక అంగుళం. నమ్మకం లేక మళ్లీ కొలిచాను. అంతే వచ్చింది. ఫైల్లోనూ అంతే ఉంది. వంకర గీతలో లేదు, గోడలోనే ఉంది.

లిదియమ్మ ఇళ్లు కట్టే చోట బేల్దారి పనికి పోతుందట. "బండలు పరిచేముందు మేస్త్రీ మూల నుంచి మూలకు తాడు పట్టిస్తాడు సార్. రెండూ ఒకటైతేనే గది సమంగా ఉండాదని లెక్క. నేనే చెప్పినాను బిడ్డకి, రెండూ కొలవమని" అంది.

అప్పుడు మిగతా ఫైళ్లు గుర్తొచ్చాయి. ఏ ఊళ్లో ఏ మేస్త్రీ కట్టాడు, నలభై ఒక్క గదులు ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా? అందులో సగం మంది టేపు ముట్టుకుని ఉండరు. వాళ్లకు ఇరవైకి పద్దెనిమిది వేశాను. సిగ్గేసింది.

ఈ మాట ఆ రోజే చెప్పొచ్చు కదమ్మా అన్నాను.

"ఎట్ట కొలిచినావని మీరు అడగలేదు సార్. ఎవరు గీసిచ్చినారనే అడిగినారు" అంది కరుణశ్రీ, టేపు చుడుతూ.

లెటర్ చించేస్తానని, మార్కులు వేస్తానని చెప్పాను. ఆ పిల్ల చుట్టిన టేపు నా చేతికిచ్చింది.

"అందరి ముందూ అడిగినారు సార్. అందరి ముందే చెప్పండి."

సోమవారం మొదటి పీరియడ్‌లోనే చెప్పాను. టేపు పట్టి కొలిచింది ఎవరో, ఎవరి మీద నింద వేశానో దాచకుండా చెప్పాను. తప్పు నాదే అన్నప్పుడు క్లాసంతా తలలు దించుకుంది. కరుణశ్రీ ఒక్కతే నా వైపు చూసింది.