నీలం తలుపు

మూడు వందల పన్నెండో పోస్టులో ఎవడో ఎవరి తల్లినో తిట్టాడు. ఆమె రెండు నొక్కింది. పోయింది. పదమూడోదాంట్లో అదే తిట్టు, పక్కన నవ్వుబొమ్మ. రెండు. పద్నాలుగోది పిల్లి. ఒకటి.

ఒకటంటే ఉంచు, రెండంటే తీసెయ్. ఈ సోషల్ మీడియా కంపెనీలో తొమ్మిదేళ్లుగా బతుకంతా ఆ రెండు మీటల మీదే. కుడి చూపుడువేలి కొస కాయ కాచింది. చూడకూడనివన్నీ చూసే పని కాబట్టి ఆ హాల్లో అందరిలాగే తెరను రంగుల్లేకుండా, మసగ్గా పెట్టుకుంటుంది. బూడిదరంగులో నెత్తురు కూడా నీళ్లమరకలాగే ఉంటుంది, మధ్యాహ్నం ముద్ద దిగుతుంది.

"ఏంటమ్మా, పిల్లి దగ్గర ఆగిపోయావ్? ఒక్కోదానికి ఏడు సెకన్లు. పిల్లికీ ఏడే" అన్నాడు సూపర్‌వైజర్, కుర్చీ వెనక నిలబడి.

"కళ్లు తుడుచుకున్నా సార్."

"అవి టీ టైములో తుడుచుకో."

నాలుగు వందల ఆరోది ఒక తలుపు ఫోటో. పక్కన ఇనపతీగ చుట్టిన కుండీ. కింద రెండు ముక్కలు: 'మన నోళ్లు కుట్టేది ఇక్కడే ఉంటుంది. వెళ్లి పలకరించండి.' పేరు లేదు, నంబరు లేదు, బూతు లేదు. రూలు ప్రకారం తప్పు లేదు. ఒకటి నొక్కి ముందుకెళ్లింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి తలుపు మీంచి నల్లటి ఇంజినాయిల్ కారుతోంది. తమ్ముడు పదో తరగతి పాసైన రోజు తన చేత్తో నీలం రంగు వేసుకున్న తలుపు. అమ్మానాన్నా పోయాక ఆ ఇంట్లో వేసిన మొదటి రంగు అదే. పగిలితే తీగ చుట్టి నిలబెట్టిన కుండీ ముక్కలై మెట్ల మీద పడి ఉంది. తాళం రంధ్రం నిండా జిగురు. అప్పుడు గుర్తొచ్చింది, నాలుగు వందల ఆరు. రంగుల్లో చూసుంటే అర సెకనులో పోల్చుకునేది.

అక్కడే నిలబడి ఫోన్లో ఫిర్యాదు పెట్టింది. నిమిషంలో జవాబొచ్చింది: 'ఈ పోస్టును ఇప్పటికే పరిశీలించాం. ఉంచుతున్నాం.' పరిశీలించింది తనే. సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసింది.

"నువ్వు ఉంచినదాన్ని నువ్వే తీయమంటావా? సొంత గొడవలు పనిలోకి తేకూడదని తెలుసుగా. రేపొచ్చి నీ కార్డు ఇచ్చేసి వెళ్లు" అని పెట్టేశాడు.

వెనక తలుపు నుంచి లోపలికెళ్లింది. తమ్ముడు తెర ముందు కూర్చుని ఉన్నాడు. పెద్ద కంపెనీల పెత్తనం పడక వాడూ స్నేహితులూ సొంతంగా ఒక వేదిక నడుపుతున్నారు. ఎవరింట్లో వాళ్లకో చిన్న సర్వర్, అన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. అక్కడ ఎవరి మాటనూ ఎవరూ తీసెయ్యరు. ఫోన్లో చూసిన ఆ ఫోటో మూలన ఈ వేదిక గుర్తే ఉంది.

"ఆ ఫోటో ముందు వచ్చింది నీ దగ్గరే కదరా."

"నేను పెట్టలేదక్కా."

"నేను ఈ పని చేస్తానని వాళ్లకెవరు చెప్పారు?"

వాడు తల తిప్పలేదు. "సరదాకి అన్నానక్కా. ఊరందరి పోస్టులకీ కత్తెర మా అక్కేనని. అందరూ నవ్వారు."

"తీసెయ్."

"మా దగ్గర తీసెయ్యడాలుండవు. ఇవాళ నీకోసం తీస్తే రేపు ఏ మంత్రో అడుగుతాడు. ఇక నీకూ నాకూ తేడా ఏముంది?"

"తలుపు చూశావా?"

"చూశా. కడిగితే పోతుందిలే."

"వాళ్లు మళ్లీ వస్తే?"

"ఎంతమంది నోళ్లు మూయించావో ఎప్పుడైనా ఆలోచించావా? నీ గుమ్మం దాకా వచ్చేసరికి ఇంత నొప్పా?"

ఆమె తన గదిలోకి వెళ్లింది. వాడి సర్వర్ ఉండేది అక్కడే, కిటికీ ఉన్న గది అదొక్కటే కాబట్టి. చెప్పుల డబ్బా అంత నల్లటి పెట్టె. దాని ఫ్యాను రొదలోనే ఆరేళ్లుగా నిద్రపోతోంది. ప్రతి ఆదివారం పాత చున్నీ ముక్కతో దుమ్ము తుడుస్తుంది. దుమ్ము పడితే వేడెక్కి ఆగిపోతుందని వాడే చెప్పాడు.

గోడ మీద స్విచ్. కాయ కాచిన వేలు దాని మీద ఆనింది. ఏడు సెకన్లు అలాగే ఉంచింది. నొక్కితే వాడన్న మాట నిజమైపోతుంది. వేలు తీసేసింది.

రెండు సంచుల్లో బట్టలు సర్దుకుని వెనక తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది. తలుపు చప్పుడుకి, అక్క ఆయిల్ కడగడానికి వెళ్లిందనుకున్నాడు వాడు.

గదిలో సర్వర్ నడుస్తూనే ఉంది. దాని మీద, వెళ్లేముందు ఆమె దుమ్ము తుడిచి నాలుగు మడతలు పెట్టిన చున్నీ ముక్క అంచు ఒకటి ఫ్యాను గాలికి లేచి పడుతోంది.