భుజం మీద చెయ్యి

రొట్టెలమ్మ కొడుకును ఉరితీసి ఏడాది దాటింది. కట్టుకున్న పెళ్ళాన్ని గొంతు నులిమి చంపాడు. ఎందుకని జడ్జి అడిగితే కోపమొచ్చిందన్నాడు. అదీ ఒక కారణమేనా? తల్లి కూడా దాచలేదు. ఆ తెల్లవారి వాడి చేతుల మీద గోళ్ళ గీరలు చూశానని బోనెక్కి చెప్పేసింది. ఊరు కొన్నాళ్ళు ఆమె రొట్టె ముట్టలేదు. పక్కవీధి రొట్టె నమిలి నమిలి పళ్ళు కదిలాక, ఏమీ ఎరగనట్టు మళ్ళీ ఆమె కొట్టుకు వచ్చింది.

రానిది వియ్యపురాలొక్కతే. తల్లి పోయిన మనవరాల్ని ఆవిడే పెంచుతోంది. రొట్టెలమ్మ ఎదురైతే పిల్లను చంకనేసుకుని వీధి దాటేది. తప్పు పట్టడానికి రొట్టెలమ్మకు మాత్రం నోరెక్కడిది?

ఆమెకు కావలసింది ఒక్కటే, కొడుకు ముఖం. కళ్ళు మూసుకుంటే చిన్నప్పటి ముఖమే వస్తోంది, పెద్దయ్యాకది రానంటోంది. వాడు బతుకు మొత్తంలో ఫొటో దిగింది పెళ్ళినాడే. ఇంట్లో ఉన్న కాపీ పోలీసులు పట్టుకెళ్ళి తిరిగివ్వలేదు. గాజు నెగటివ్ స్టూడియోలో ఉంటుంది కదా అని, పిండి చేతులు కడుక్కుని బయల్దేరింది.

ఫొటోగ్రాఫరు నీళ్ళు నమిలాడు.

"మీ వియ్యపురాలు నిన్న వచ్చారమ్మా. వాళ్ళ కాపీ పొయ్యిలో వేసేశారట. 'నా కూతురొక్కతే ఉండాలి, పిల్లకు తల్లిని చూపించుకోవాలి' అన్నారు. నెగటివ్ మీద మీవాణ్ణి గీకేశాను."

రొట్టెలమ్మ బల్ల అంచు పట్టుకుంది. "అసలేం మిగల్లేదా?"

అతను కొత్త కాపీ తెచ్చి ముందు పెట్టాడు. కోడలు కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన వాడు నిలబడిన చోట తెర మడతలు గీసి ఉన్నాయి. కోడలి భుజం మీద మాత్రం నాలుగు వేళ్ళు అలాగే ఉన్నాయి.

"వాటిని గీకితే భుజం కూడా పోతుందమ్మా. ఆవిడ సాయంత్రం వస్తారు, ఏం చెప్పాలో తెలీడంలేదు. పోనీ, ఈ కాపీ మీరుంచుకోండి."

చిటికెనవేలు కాస్త వంకర. చిన్నప్పుడు బట్టీలో చెయ్యి పెట్టి కాల్చుకున్నాడు. రాత్రంతా ఒళ్ళో పెట్టుకుని ఊదింది. ఇక మిగిలిన కొడుకల్లా ఆ వేళ్ళే. కాపీ చేతిలోకి తీసుకుంది. కోడలి గొంతు నులిమిందీ ఆ వేళ్ళే. రేపు మనవరాలు వాటి మీద వేలు పెట్టి, ఇదెవరి చెయ్యి అమ్మమ్మా అని అడగకమానదు.

"ఆ రోజు చలిగా ఉందని కోడలికి నా శాలువా కప్పాను. ఫొటోలో బాగుండదని నువ్వే తీయించావు, గుర్తుందా?"

"గుర్తుందమ్మా. ఫొటో అయ్యేదాకా మీరే పట్టుకుని నిలబడ్డారు."

రొట్టెలమ్మ కాపీ తిరిగిచ్చేసింది.

"గీకొద్దులే నాయనా. ఆ శాలువా గీసి మళ్ళీ దాని భుజాన కప్పెయ్."