ఎడమవైపు క్రాసు

2011 సెప్టెంబరు ముప్పయి, శుక్రవారం. తెల్లవారుజామున, భూపాలపల్లిలో గని కార్మికుల క్వార్టర్లలో మరియం బీ చనిపోయింది. ఆమె కొడుకు ఆసిఫ్ జనగామలో ఉన్న మేనమామ గౌస్‌కు ఫోన్ చేశాడు.

"మామూ, అమ్మీ పోయింది" అన్నాడు. ఊపిరి తీసుకుని, "కఫన్ తెస్తవు కదా?" అన్నాడు.

"తెస్త. నేనొచ్చేదాంక ఆగుండ్రి."

"అసర్ నమాజు దాంక ఆపుతం. జల్ది రా మామూ. ఫోన్ల చార్జింగ్ లేదు. కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో ఎరుక లేదు."

అసర్ అంటే పొద్దు వాలేటప్పుడు చదివే నమాజు. కఫన్ అంటే శవానికి చుట్టే తెల్లగుడ్డ. పెళ్లయిన ఆడమనిషి చనిపోతే ఆ గుడ్డ పుట్టింటి నుంచి రావాలని గౌస్ వాళ్లలో ఆచారం. మరియం బీకి మిగిలిన పుట్టిల్లు గౌస్ ఒక్కడే. గౌస్‌కు తల్లి ముఖం గుర్తులేదు. అన్నం తినిపించి పెంచింది అతను ఆపా అని పిలిచే ఈ అక్కే.

కిందటి రంజాన్‌కు జనగామ వచ్చినప్పుడు గుడ్డను ఆమే ఎంచుకుంది. గౌస్ భార్య ఫరహత్‌ను వెంటబెట్టుకుని బజారుకు పోయి, వేళ్ల మధ్య నలిపి చూసి, బేరమాడి కొన్నది. ఏం కుట్టించుకుంటావమ్మా అని దుకాణం మనిషి అడిగితే, పెండ్లి బట్టలు అన్నది. ఇంటికి తెచ్చి ఫరహత్ ట్రంకు పెట్టెలో అడుగున పెట్టించింది.

"గిది ఈడ్నే ఉండాలె. నా కొడుకు కొన్నది నాకొద్దు, తమ్ముడు తేవాలె" అన్నది. "అప్పటిదాంక ఎలుకలు కొట్టకుంట చూస్కో."

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై పక్షం రోజులు దాటింది. బస్సులు డిపోల్లో ఉన్నాయి. గనుల్లోకి ఎవరూ దిగడం లేదు. ఆసిఫ్ కూడా దిగడం లేదు. బొగ్గు లేక కరెంటు పోతూ వస్తూ ఉంది. ఆ రోజు జీపులు, ఆటోలు కూడా బంద్‌లో ఉన్నాయి. కార్లున్న ఇద్దరిని గౌస్ అడిగాడు. అద్దాలు పగులుతాయని వాళ్లు రాలేదు. కిందటేడు వెన్నుకు ఆపరేషన్ అయినప్పటి నుంచి గౌస్ మోటారు సైకిలు ఎక్కడం లేదు.

గౌస్ మెకానిక్. అతని షెడ్డులో నడిచే బండి ఒక్కటే ఉంది. అది ప్రేమ్‌సింగ్‌ది.

ప్రేమ్‌సింగ్‌ది నర్మెట్ట దగ్గర తండా. బడిలో పంతులు, అతనూ సమ్మెలో ఉన్నాడు. భూపాలపల్లిలో ఒక గని ఆఫీసరు బంగళా వెనక కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న విలాయతీ స్పోర్ట్స్ కారును కొనుక్కొచ్చాడు. గుడ్డ కప్పు, రెండు సీట్లు. తండాకు తెచ్చిన రోజు అతని తల్లి తుల్సీబాయి కారు చుట్టూ తిరిగి, "ఇంట్ల ఆరుగురం ఉన్నం. ఇద్దరు కూసుంటె నలుగురం ఎనుక ఉరుకుడేనా?" అని అడిగింది. తండా ఆ మాటకు చాలా రోజులు నవ్వుకుంది. నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపి టీజీ అని రాసింది మాత్రం ఆమె చెప్తేనే.

కారు మలుపు తిరిగినప్పుడల్లా వెనక నుంచి టక్ టక్‌మని చప్పుడు వచ్చేది. ఇంజను బలాన్ని వెనక చక్రాలకు అందించే ఇనుప కడ్డీలు రెండుంటాయి, కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. చక్రం ఎగిరినా దిగినా కడ్డీ తిరగాలి కాబట్టి దానికి ఒక కీలు ఉంటుంది. ఆ కీలులో కూర్చునే నాలుగు చేతుల ఉక్కు ముక్కను మెకానిక్కులు క్రాసు అంటారు. క్రాసు అరిగితే చప్పుడు. విరిగితే ఈ కారులో చక్రం కడ్డీతో సహా బయటికి వస్తుంది. ఒకప్పుడు మద్రాసులో తయారైన హెరాల్డ్ కారు క్రాసులు దీనికి సరిపోతాయని గౌస్‌కు తెలుసు. హైదరాబాదు పాత సామాన్ల బజారులో వెతికి ఒక జత తెచ్చాడు. గురువారం నాటికి కుడివైపు క్రాసు మార్చి బిగించాడు. ఎడమవైపు ఇంకా ముట్టుకోలేదు.

కబురు తెలిసి ప్రేమ్‌సింగ్ తండా నుంచి మోటారు సైకిలు మీద వచ్చాడు. గౌస్ భుజం మీద చెయ్యి వేశాడు.

"పోదాం అన్నా. కుడిదిక్కు అయిపోయింది కదా. చక్రం ఎక్కియ్యి, పోదాం."

గౌస్ కారు కిందికి దూరి, ఎడమ కడ్డీని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. టక్ అంది.

"ఇన్నవా?"

"ఇన్న. పోయొచ్చినంక మారుద్దాం."

"తొవ్వల ఇరిగితె చక్రం పోయి పత్తిచేన్ల పడ్తది. గుడ్డ నువ్వు నడుసుకుంట తీస్కపోతవా?"

"నిన్నటిదాంక నడిచింది గద అన్నా."

"జతల ఒకటి మార్చి ఒకటి ఇడిస్తె, కొత్తది పాతదాన్ని తింటది. మా ఉస్తాద్ గదే చెప్పిండు. నేనింతవరకు ఏ బండినీ గట్ల గడప దాటియ్యలే. ఇయ్యాల మా ఆపా కోసం దాటిస్తనా?"

ప్రేమ్‌సింగ్ గడియారం చూసుకుని, చొక్కా చేతులు మడిచాడు.

ఎడమ చక్రం విప్పారు. బ్రేకు గొట్టం ఊడదీసి కొన మూశారు. ఇంజను బలాన్ని పళ్ల చక్రాలతో రెండు కడ్డీలకూ పంచే డిఫరెన్షియల్ దగ్గరి బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. మూడు వచ్చాయి. నాలుగోదాని మీద కిరోసిన్ పోసి, ప్రేమ్‌సింగ్ పానా పట్టుకుంటే గౌస్ సుత్తితో కొట్టాడు. అది రావడానికే చాలాసేపు పట్టింది. కడ్డీని బయటికి లాగి వైసులో బిగించి, లాకులు తీసి, క్రాసు చేతులకున్న ఉక్కు కప్పులను కొట్టి, పాత క్రాసును బయటికి తీశారు. గౌస్ దాన్ని చూడకుండా కిరోసిన్ తట్టలో వేశాడు.

కొత్త క్రాసు నాలుగు చేతులకూ నాలుగు కప్పులు. ఒక్కో కప్పులో గోడ వెంట సూదుల్లాంటి సన్న రోలర్లు గ్రీజుతో అతుక్కుని నిలబడి ఉంటాయి. కప్పును నొక్కేటప్పుడు చెయ్యి వణికితే ఒక సూది జారి అడుగున అడ్డం పడుతుంది. అప్పుడు కప్పు పూర్తిగా దిగదు, లాకు పట్టదు. మూడు కప్పులు దిగాయి. నాలుగోది దిగలేదు.

"కొట్టు అన్నా, దిగుతది" అన్నాడు ప్రేమ్‌సింగ్.

"కొడితె పలుగుతది. సూది పడ్డది."

కప్పు మళ్లీ బయటికి తీశాడు. అడ్డం పడ్డ సూదిని గోరుతో లేపి నిలబెట్టాడు. ఇంకో రెండు పడ్డాయి. షెడ్డు గుమ్మంలో నిలబడ్డ ఫరహత్ లోపలికి వచ్చి, కొంగుతో అతని ముఖం తుడిచింది.

చక్రం ఎక్కించి, బ్రేకులో గాలి తీసి, జాకీ దించేటప్పటికి మసీదులో శుక్రవారం మధ్యాహ్నపు జుమ్మా నమాజుకు అజాన్ వినిపించింది.

ఫరహత్ గుడ్డను దిండు గలీబులో పెట్టి, కర్పూరం, అత్తరు సీసా అందులోనే వేసి తెచ్చింది. చెప్పులు వేసుకునే వచ్చింది.

"నేనొస్త. ఆపాకు గుసుల్, ఆఖరి తానం, నేను చేయించాలె."

గౌస్ సీట్ల వెనక చూపించాడు. అక్కడ స్టెప్నీ ఉంది. ఫరహత్ వంగి చూసింది. స్టెప్నీ మీద చెయ్యి వేసి అదిమి చూసింది. తర్వాత మూటను భర్త ఒళ్లో పెట్టింది.

"అయితె గిదన్న పోనీ."

ఘన్‌పూర్ దగ్గర పెద్ద రోడ్డు మీద ధర్నా ఉందని విని, నర్మెట్ట మీదుగా వెళ్లారు. నర్మెట్టలో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు వెలిగాయి. రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే తింటూ, బండ్లను ఆపడం అప్పుడు అన్ని ఊళ్లలో జరుగుతున్నదే. పెంటమ్మ అనే ఆమె గంటె పట్టుకుని కారుకు ఎదురొచ్చింది. ప్రేమ్‌సింగ్ ఆమె మనవడికి చదువు చెప్పాడు.

"ఏంది సారూ, గీ తాబేలు యాడ దొరికింది? దిగుండ్రి, బువ్వ తినుండ్రి. పొద్దుమూకినంక పోదురు."

"భూపాలపల్లి పోవాలె పెంటమ్మక్కా. సావు."

"పొద్దుగాల సంది నలుగురు గట్లనే చెప్పిండ్రు. నలుగురికీ మామనే సచ్చిండు. ఇయ్యాల మామలకు మంచిగ లేనట్టున్నది."

పొయ్యిల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. గౌస్ తల వంచుకున్నాడు. వారం కింద జనగామ చౌరస్తాలో ఇలాగే ఒక జీపు ఆగింది. అందులోని మనిషి చావు అంటే, అందరూ గదే చెప్తరు అని గౌసే అన్నాడు. అప్పుడూ ఇలాగే నవ్వారు.

అతను కారు దిగి, గలీబు విప్పి, గుడ్డను బానెట్టు మీద పెట్టాడు. దాని మీద కర్పూరం, అత్తరు సీసా పెట్టాడు.

"మా అక్క" అన్నాడు.

నవ్వు ఆగింది. పెంటమ్మ గంటె పక్కన పెట్టింది. కుండను దింపించి, కాలుతున్న రాళ్లను కొంగుతో పట్టుకుని పక్కకు జరిపింది.

"పో అన్నా. ఆగకు, పో."

ధర్మసాగర్ దాటాక మలుపులు వచ్చాయి. వెనక నుంచి ఏ చప్పుడూ రాలేదు.

"సప్పుడు పోయింది అన్నా" అన్నాడు ప్రేమ్‌సింగ్.

"ఊఁ."

హన్మకొండ దాటాక గౌస్ ఫోన్ చేశాడు. ఆసిఫ్ ఫోను ఆగిపోయి ఉంది. పరకాలలో మళ్లీ చేశాడు. అప్పుడూ అంతే.

అసర్ అజాన్ కాకముందే వాళ్లు క్వార్టర్లకు చేరారు. ఆఫీసరు కారు మళ్లీ వచ్చిందనుకుని పిల్లలు వెంట పరిగెత్తారు. ఆసిఫ్ ఇంటి ముందు నల్లా దగ్గర కూర్చుని చేతులు కడుక్కుంటున్నాడు. మోచేతుల దాకా మట్టి ఉంది. గౌస్ ఆ మట్టిని చూశాడు.

"మామూ" అని ఆసిఫ్ లేచాడు. "ఐసు పెట్టె తెచ్చినం. కరెంటు పోయింది, మల్ల రాలే. ఐసు ఫ్యాక్టరీల గూడ లేదు. ఎండ సూస్తివి కదా. అమ్మీ... ఇగ ఆపొద్దని పెద్దమనుషులన్నరు. జుమ్మా కాంగనే తీస్కపోయినం. నీకు చెప్దామంటె ఒక్క ఫోన్ల చార్జింగ్ లేకపాయె." నల్లా కట్టేసి, "బొగ్గు మేమే ఆపితిమి మామూ" అన్నాడు.

"గుడ్డ?"

"దుకాణం ఎనుక తలుపు తీపిచ్చి తెచ్చిన."

"ఎవరు కొన్నరు?"

"నేనే కొన్న."

గౌస్ కబరస్తాన్‌కు పోయాడు. మూట చంకలోనే ఉంది. వంగి అక్క గోరీ మీద మూడుసార్లు మట్టి వేశాడు. నాలుగోసారి చెయ్యి మట్టి మీదే పెట్టి ఉంచాడు. ప్రేమ్‌సింగ్ గేటు బయట, చెప్పులు విడిచి నిలబడ్డాడు.

మరునాడు జనగామలో ఫరహత్ కారు చప్పుడు విని బయటికి వచ్చింది. భర్త ఒళ్లో గలీబు అలాగే ఉంది. దాన్ని తీసుకుపోయి, ట్రంకు పెట్టెలో, అడుగున, ఉన్న చోటే పెట్టింది.

అక్టోబరులో సమ్మె ముగిసింది. అప్పటిదాకా షెడ్డులోనే ఉంచిన కారు తీసుకుపోవడానికి ప్రేమ్‌సింగ్ వచ్చాడు. మార్చిన సామాను ఓనరు చేతిలో పెట్టడం గౌస్ షెడ్డు పద్ధతి. కిరోసిన్ తట్టలోంచి రెండు పాత క్రాసులు తీసి, గుడ్డపేలికతో తుడిచి, బల్ల మీద పెట్టాడు. కుడివైపుదాని చేతుల మీద సూదులు తొలిచిన గాట్లు ఉన్నాయి. గోరు పెడితే దిగుతున్నాయి. ఎడమవైపుది నాలుగు చేతులూ నున్నగా ఉన్నాయి, ఎక్కడా అరగలేదు.

ప్రేమ్‌సింగ్ ఎడమవైపుదాన్ని తీసుకుని వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"అన్నా, గిది మన బండిదేనా?"

"మనదే."

గౌస్ కారు కిందికి దూరాడు. కొత్త క్రాసు వేసిన ఎడమ కడ్డీని, ఆ శుక్రవారం తిప్పినట్టే, రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

టక్ అంది.