ఫుల్ లోడ్

చేతిలోకి తీసుకోగానే అక్కకు అనుమానం వచ్చింది. కంప్యూటరులో పవర్ సప్లై అంటే ఇటుకంత బరువుండాలి. ఇది పేలాల పొట్లంలా ఉంది.

"ఎక్కడ కొన్నావురా ఇవి?"

"ఎక్కడైతేనేం? ఆరువందల వాట్లని రాసుంది కదా," అన్నాడు తమ్ముడు.

దుకాణం ఇద్దరిదీ. సరుకు తెచ్చేది అతను, బిగించేది ఆమె. సాయంత్రానికి ఆసుపత్రి అత్యవసర విభాగానికి కంప్యూటర్లు చేరాలి.

"గాడిద మెడలో గుర్రమని అట్ట కట్టినంత మాత్రాన పరిగెత్తుతుందా? ఫుల్ లోడ్ మీద, రాసిన వాట్లన్నీ లాగించి నడిపి చూడందే ఒక్కటీ గడప దాటదు."

ఒకదాన్ని బల్లమీది కంప్యూటరుకు తగిలించి పరీక్ష మొదలెట్టింది. ఫ్యాన్లు హోరెత్తాయి. అతను వచ్చి ప్లగ్గు పీకేశాడు. ఆమె మళ్లీ పెట్టబోతే జుట్టు పట్టి వెనక్కి లాగాడు. ర్యాకు అంచు తగిలి ఆమె పెదవి చిట్లింది.

"నీ చాదస్తంతో బేరాలన్నీ పోతున్నాయి!"

మెడ పట్టి గోడకు అదిమాడు. ఆమెకు ఊపిరాడలేదు, కళ్లు బైర్లు కమ్మాయి. తడుముకుంటే స్క్రూడ్రైవరు చేతికి తగిలింది. ముందూ వెనకా చూడకుండా అతని ముంజేతిలో దించేసింది.

అతను కేకపెట్టి వదిలేశాడు. రక్తం కారుతున్న చేత్తోనే ప్లగ్గు పెట్టి, పరీక్ష నడిపాడు.

"చూడవే! ఎక్కడ పేలింది? చూడు!" అంటూ మొహం దానిమీదికి వంచాడు.

ఫట్‌మని పేలింది. జాలీలోంచి మంట ఎగిసి అతని ముఖాన్ని తాకింది. అతను కళ్లు మూసుకుని నేలమీద పొర్లాడు.

కాలిపోనీ, అనిపించింది ఆమెకు ఒక్క క్షణం. మరుక్షణం మెయిన్ స్విచ్ దించి, తమ్ముణ్ణి చొక్కా పట్టి బయటికి ఈడ్చింది.

వెళ్లింది ఆ ఆసుపత్రికే. అతని ముఖమూ చేయీ, ఆమె మెడమీద వేళ్ల ముద్రలూ చూసి డాక్టరు అడిగింది: "మీమీద ఎవరు దాడి చేశారు?"

"బయటివాళ్లెవరూ కాదమ్మా. మేం అక్కాతమ్ముళ్లం," అంది ఆమె.

తమ్ముడి ఎడమ కన్ను దక్కలేదు. కంప్యూటర్లు ఇప్పుడే రావని ఆమె అక్కడే చెప్పేసింది. దుకాణానికొచ్చి, మిగిలిన పవర్ సప్లైలన్నీ సుత్తితో ముక్కలయ్యేదాకా కొట్టింది. కొడుతూ ఏడ్చింది.

కట్టు విప్పాక తమ్ముడు గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. "అక్కా, నా కన్ను..."

"నీ కంటికోసం నేను ఏడ్చానురా. నా మెడ సంగతి నీకు గుర్తొచ్చిన రోజు లోపలికి రా."

అతను తల దించుకుని వెళ్లిపోయాడు. ఇంకా రాలేదు. ఇప్పుడు సరుకు కొనేదీ, బిగించేదీ ఆమే.