మూడో ఎర్ర గీత

మా ఆయన అబద్ధమే ఆడరని నేనెప్పుడూ అనను. ఈ చీర ఎలా ఉందంటే, పేపర్లోంచి తల ఎత్తకుండానే బ్రహ్మాండం అనే మనిషి. లెక్కల దగ్గర మాత్రం నిప్పు. అందుకే కంపెనీలో చీఫ్ అకౌంటెంటుగా ఇన్నేళ్ళు నెగ్గుకొచ్చారు. అలాంటి మనిషి ఆ రోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చేశారు. క్యారేజీ మూత కూడా తియ్యలేదు.

"నేనేదో దాస్తున్నానంట. తనిఖీ అయ్యేదాకా రావద్దన్నారు," అన్నారు. గొంతు బొంగురుపోయి ఉంది. ఏడుపు దిగమింగుకుంటున్నారనుకున్నాను.

"ఎవడన్నాడు ఆ మాట?"

"మనిషైతే పోట్లాడేవాణ్ణి. మెషీన్ చెప్పిందంట."

ఆ మెషీన్ తయారుచేసింది ఎవరో కాదు, సాక్షాత్తూ మా ఆడపడుచు. యూనివర్సిటీలో ఫైనాన్స్ మీద పరిశోధన చేస్తుంది. ఇదివరకు ఆడిటర్లు అకౌంటెంటుని ఎదురుగా కూర్చోబెట్టుకుని, టీ తాగుతూ నాలుగు ప్రశ్నలడిగి, ముఖం చూసి ఓ అంచనాకి వచ్చేవాళ్ళు. ఇప్పుడు మూణ్ణెల్లకోసారి ఆ మాటలు రికార్డు చేసి మెషీన్‌కి వినిపిస్తున్నారు. గొంతులో బిగువునీ వణుకునీ పట్టుకుని, నమ్మొచ్చంటే పచ్చ గీత, అనుమానమైతే ఎర్ర గీత గీస్తుందది. దాన్ని ఆడిట్ సంస్థ కొన్న రోజున మా ఇంట్లోనే కేకు కోశాం. మొదటి ముక్క వాళ్ళ అన్నయ్య నోట్లోనే పెట్టింది.

సాయంత్రం ఆడపడుచు పరుగెత్తుకొచ్చింది. గుమ్మంలోనే నిలదీశాను.

"ఏమ్మా, నీకు ఫీజులు కట్టి చదివించిన అన్నయ్యే దొరికాడా?"

"నాకేం తెలుసు వదినా! నాకు పేర్లు పంపరు, నంబర్లే. తెలిస్తే పక్షపాతం చూపిస్తానని నేనే పెట్టిన రూలది."

"గొంతు గుర్తుపట్టలేవా?"

"నేను వినను. మెషీనే వింటుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా నా మనసునీ ఓ పురుగు తొలుస్తూనే ఉంది. కొన్నాళ్ళుగా ఆయన నాతో మాటలు తగ్గించేశారు. ఏమడిగినా తల ఊపడమే. అన్నం కెలికి లేచిపోతున్నారు. తప్పు చేసినవాళ్ళే అలా ఉంటారు కదా అనిపించింది. ఇన్నేళ్ళు కాపురం చేసి కూడా అలా అనిపించింది.

ఆడపడుచు లాప్‌టాప్ తెరిచి అందులో ఆ మెషీన్‌ని నడిపించింది. "అన్నయ్యా, నాకైనా నిజం చెప్పు. ఏమైనా దాచావా?"

"లేదమ్మా."

ఎర్ర గీత.

ఆడపడుచు ముఖం వాడిపోయింది. ఆయనే, "ఇంకేదైనా అడుగు," అన్నారు.

"మన నాన్న పేరేంటి?"

చెప్పారు. ఎర్ర గీత. ఇవాళ ఏ వారమంటే చెప్పారు. అదీ ఎరుపే.

నాకు నవ్వాగలేదు. "బాగుంది! మీ నాన్న ఎవరో మీ మెషీన్‌కే నమ్మకం లేదు. ఇక మీ ఇంటి పరువు దక్కినట్టే."

ఆయన కూడా నవ్వబోయి దగ్గులో పడ్డారు. ఆడపడుచు నవ్వలేదు. కంపెనీ చెప్పిన తేదీలని బట్టి అన్నయ్య నంబరు వెతికి, పాత రికార్డింగులన్నీ తీసింది. కిందటేడంతా పచ్చ. ఆ తర్వాత ఎరుపు, ఎరుపు, ఎరుపు.

"ఇది అబద్ధం కాదు వదినా. గొంతులోనే ఏదో ఉంది."

"మొదటి ఎరుపు ఎప్పుడొచ్చింది?"

"ఆరు నెలలైంది."

"అప్పుడే ఎందుకు చెప్పలేదే?"

"వరసగా మూడుసార్లు వస్తేనే బయటపెట్టాలి. అదీ నేను పెట్టిన రూలే. ఏ పాపం ఎరగనివాళ్ళ మీద నింద పడకూడదని..." అంటూనే ఫోన్ తీసి ఆస్పత్రికి కలిపింది.

మర్నాడు ఆస్పత్రికి తీసుకెళ్ళాం. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ పక్కకి పిలిచి, క్యాన్సరని చెప్పింది. "ఆరు నెలల ముందొస్తే గొంతు నిలబెట్టేదాన్ని. ఇప్పుడు స్వరపేటిక తీసెయ్యక తప్పదు. మనిషి నిలిస్తే అదే పదివేలు," అంది. ఆడపడుచుని కొట్టాలనిపించింది. కొట్టడానికే దగ్గరికి వెళ్ళి, పట్టుకుని ఏడ్చాను.

ఆపరేషన్‌కి ముందురోజు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. లెక్కల్లో ఏ లోపమూ కనబడలేదట, ఎప్పుడైనా వచ్చి పనిలో చేరొచ్చట. ఉండచుట్టి చెత్తబుట్టలో పారేశాను. ఆయన దాన్ని ఏరుకుని, మోకాలి మీద పెట్టి మడతలు సరిచేసి జేబులో దాచుకున్నారు.

ఆపరేషన్ రోజు పొద్దున ఆడపడుచు మంచం పక్కన లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. "ఏదైనా మాట్లాడు అన్నయ్యా. నీ గొంతు మా దగ్గర దాచుకుంటాం," అంది.

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "నాకేం భయం లేదు. మీరు కంగారుపడకండి," అన్నారు.

మెషీన్ ఆపడం మరిచిపోయినట్టుంది. తెర మీద ఎర్ర గీత పాకింది. ఆడపడుచు గభాలున మూత మూసేసి, "గొంతు వల్లే వదినా, గొంతు బాలేకే అలా వచ్చింది," అని వెక్కుతూ చెప్పింది.

"అవునమ్మా, గొంతు వల్లే," అన్నాను.

నా చేతిలో ఆయన చెయ్యి గజగజ వణుకుతోంది.