ఆరో గది బెల్లు

ఆ బాలింత బెల్లు నొక్కిందా లేదా, ఇవాళ జరిగినదాని మీద నేను రాసివ్వాల్సిన కాగితంలో ఉన్నది ఆ ఒక్క ప్రశ్నే కదా, ఏదో ఒకటి రాసి సంతకం పెట్టి ఇంటికి పోవచ్చు, కాఫీ కూడా చల్లారిపోయింది, నొక్కలేదని రాసెయ్యి జెల్మీరా, అబద్ధమేముంది అందులో అంటుంది హెడ్ సిస్టర్ బోహ్దానా, నిజమే, అబద్ధమేముంది, నొక్కితే మాత్రం మోగేదా, ఆరో గది బెల్లు తీగ మొన్న సోమవారం నా చేత్తో నేనే పీకేశాను.

ఆరో గది రోమా బాలింతలది, అదే, జిప్సీలంటారే వాళ్ళది, అలా అని ఎక్కడా రాసి ఉండదు, స్లొవాకు తల్లులు మిగతా ఐదు గదుల్లో ఉంటారు, పందొమ్మిదేళ్ళ కిందట ఈ ఆసుపత్రిలో నేను నర్సుగా చేరిన రోజునే అలా ఉంది, వాళ్ళతో వాళ్ళుంటేనే వాళ్ళకు హాయి అని నాకు చెప్పారు, కొత్తగా వచ్చినవాళ్ళకు నేనూ అదే చెప్పాను, నాలుక తడబడనైనా లేదు, బెల్లంటావా, దిండు కావాలని ఒకసారి, దాహమని ఒకసారి, ఊరికే నొక్కుతారమ్మా వీళ్ళు, పీకి పారేస్తే పీడ విరగడైపోతుంది అన్నాను, బోహ్దానా నవ్వింది, ఆమెను నవ్వించానని మురిసిపోయాను, ఛీ.

ఇవాళ మధ్యాహ్నం కిటికీ కింద ఎప్పటిలాగే మంద దిగింది, మంద అన్నానా మళ్ళీ, మనుషులు, ఆరో గదిలో కొత్తగా కన్న జానెటా మనుషులు, అత్త యోలానా, మొగుడు, ఆడపడుచులు, పది మంది దాకా, తమవాళ్ళు ఆసుపత్రిలో పడితే ఒంటరిగా వదలరు, లోపలికి మేం రానివ్వం, అందుకని కింద నిలబడి కేకలేస్తారు, ఒసే పాలు పడ్డాయా, సూపు తాగావా, బుడ్డోడిది ఎవరి పోలికే అని, ముక్కు మాత్రం మీ అబ్బాయిదే అత్తా, ఏం చేస్తాం, పాపం వాడి ఖర్మ అని జానెటా పైనుంచి అంటే కిందంతా గొల్లుమన్నారు, నాకూ నవ్వొచ్చింది, దాన్ని మింగేసి, ఇదేమన్నా సంతా అని గసిరి కిటికీ మూసి వచ్చేశాను.

అరగంట కాలేదు, అందరూ మెట్లెక్కి వచ్చేశారు, ముందు యోలానా, సిస్టరమ్మా నెత్తురు, ఆగట్లేదంట, కోడలు కిటికీ తీసి కేకేసింది, అంతే, మళ్ళీ కనపడలేదు, పోనియ్యమ్మా అని, నేనేం చేశాను, వార్డు తలుపుకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను, వీళ్ళకు చీమ కుట్టినా పాము కరిచినంత గోల అనుకున్నాను, వాచ్‌మన్‌ను పిలిచాను, ఏడెనిమిది నిమిషాలు, ఆఖరికి ఆ ముసలామె నన్ను తోసుకుని పరిగెత్తింది, వెనకే నేను, సాయానికి కాదు, ఆమెను బయటికి లాగడానికి, గదిలోకి వెళ్ళాక చూశాను, పరుపు తడిసి నేల మీదికి కారుతోంది.

బతికింది, ఇంకాస్త ఆలస్యమైతే చేతుల్లో ఏమీ ఉండేది కాదన్నాడు డాక్టరు, అప్పటికే అయిన ఆలస్యం ఎవరి వల్లో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు, బయటికి వస్తే యోలానా నా చెయ్యి పట్టుకుంది, తిడుతుందనుకున్నాను, తిట్టాలి కూడా, ఇందాక నిన్ను తోసేశాను తల్లీ, కంగార్లో, మనసులో పెట్టుకోకు, కోడల్ని బాగా చూసుకో అంది, నాకు తల కొట్టేసినట్టయింది, ఎక్కడ చూడాలో తెలియక ఆమె చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను.

ఇక ఉండబట్టలేక ఆరో గదికి వెళ్ళాను, జానెటా పాలిపోయి పడుకుని ఉంది, బెల్లు నేనే, అని మొదలుపెట్టానో లేదో, తెలుసు సిస్టరుగారూ, మీరు పీకినప్పుడు మెలకువగానే ఉన్నాను అంది, మరి అడగలేదేం అన్నాను, అడగడానికేముంది, మొదటి కాన్పప్పుడూ ఇలాగే పీకేసి ఉంది, మా గదికి ఉండదేమోలే అనుకున్నాను అంది, కోపమన్నది లేదు ఆ మాటలో, కోపమున్నా బాగుండును, బిడ్డ ఏడిస్తే అటు తిరిగింది, నేను వచ్చి కాగితంలో తీగ నేనే పీకేశానని రాశాను, తలుపు దగ్గర అడ్డం నిలబడింది కూడా రాశాను, బోహ్దానా ఏమన్నా అననీ, ఉద్యోగం పోతే పోనీ, నన్ను తినేస్తున్నది అది కాదు, ఆ పిల్ల నా కళ్ళ ముందే పడుకుని, నేను తీగ పీకుతుంటే చూసి, ఇదేమిటని అనుకోనైనా అనుకోలేదు.